జంట గీతల ముగ్గు తాంబూలం సంచి మీదకు: గీత, సందు, నలుపు లెక్కలు

పని ఇది. మా పెద్దమ్మ పాత నోటుబుక్కులో పెన్సిలుతో వేసి దాచుకున్న మెలికల ముగ్గును పెళ్లి తాంబూలం సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో దించాలి. అంటే ఫ్రేముకు బిగించిన జల్లెడ బట్టకు వెలుగు తగిలితే గట్టిపడే రసాయనం పూసి, ముగ్గు గీత ఉన్న చోట వెలుగు ఆపి కడిగితే, అక్కడ తెరుచుకున్న రంధ్రాల గుండా సిరా సంచి మీదకు దిగుతుంది. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే దాకా. లెక్కిస్తే 169 చుక్కలు. మెలిక మొత్తం జంట గీత. రెండు గీతలూ ఎక్కడా కలవకుండా పక్కపక్కనే తిరిగి మొదలైన చోటికే చేరతాయి.

పెన్సిలు గీత సన్నగా ఉంది, పాలిపోయింది. అలాగే అచ్చు వేస్తే గుడ్డ మీద నిలవదు. ఎవరైనా ఆర్టిస్టుతో మళ్లీ గీయించవచ్చు గానీ, అప్పుడు ఒంపు మారిపోతుంది. పెద్దమ్మ మెలిక తిప్పే చోట చెయ్యి కాస్త ఆగి తిరుగుతుంది, అది గీతలో తెలుస్తుంది. అది పోకూడదన్నదే ఈ పనికి మొదటి షరతు. అందుకే ఉన్న గీతనే కంప్యూటర్‌లో నల్లబరిచి లావు చేశాను. వాడినవి జింప్ 2.10, ఇంక్‌స్కేప్. రెండూ బొమ్మలు దిద్దే ప్రోగ్రాములు, ఉచితమే. ఫోటోషాప్ ఉన్నవారికి తేడా వచ్చే చోట చెబుతాను.

మొదటి దశ: స్కానింగ్, మొదటి కొలతలు

ఫోనుతో తీసిన ఫోటో ఈ పనికి రాదు. అంచుల దగ్గర లెన్సు వంపు వల్ల చుక్కల వరస విల్లులా వంగుతుంది. చుక్కల ముగ్గులో ఆ వంపు వెంటనే కంటబడుతుంది. బల్ల స్కానరే కావాలి.

1. పుట వెనక నల్ల చార్టు ముక్క పెట్టాలి. లేకపోతే వెనక పుటలోని ముగ్గు కూడా లీలగా కనిపిస్తుంది.
2. 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు), రంగుల్లోనే. నలుపు తెలుపులో స్కాన్ చేయవద్దు. కారణం రెండో దశలో తెలుస్తుంది.
3. టిఫ్ లేదా పీఎన్‌జీగా దాచాలి. జేపెగ్ గీత చుట్టూ బూడిద మచ్చలు వదులుతుంది. తర్వాత లావు చేసినప్పుడు గీతతో పాటు అవీ లావవుతాయి.

నోటుబుక్కులో ముగ్గు వెడల్పు 150 మిల్లీమీటర్లు. 600 డీపీఐలో మిల్లీమీటరుకు 23.6 పిక్సెళ్లు. పెన్సిలు గీత సుమారు 9 పిక్సెళ్లు, అంటే 0.4 మిల్లీమీటరుకు కాస్త తక్కువ. జంట గీతలు బాగా దగ్గరపడే చోటు వెతికితే ఎడమవైపు మూడో మెలికలో దొరికింది. అక్కడ ఒక గీత నడిమి నుంచి రెండో గీత నడిమికి 35 పిక్సెళ్లు.

లెక్క: గీత 9, సందు (రెండు గీతల మధ్య ఖాళీ) 26. కలిపితే 35 పిక్సెళ్లు.

ఈ 35 పనంతటికీ ఆధారం. ఎన్ని ఫిల్టర్లు వేసినా ఈ మొత్తం మారదు. గీతకు ఎంత ఇస్తే అంత సందు నుంచి తీసుకోవలసిందే. ఎవరు చెప్పినా "గీత ఎంత లావు కావాలి?" అనే మొదలుపెడతారు. అసలు అడగవలసింది, ఎంత సందు మిగలాలి అని.

రెండో దశ: రూళ్లు తీసేయడం

నోటుబుక్కు కాబట్టి నీలం రూళ్లు, ఎడమ పక్క ఎర్ర మార్జిన్ గీత ఉన్నాయి. ముగ్గు మార్జిన్ దాటి వెళ్లింది. రంగుల్లో స్కాన్ చేయమన్నది ఇందుకే. రంగుల బొమ్మను కంప్యూటర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలుగా దాస్తుంది, ఒక్కోదాన్ని చానెల్ అంటారు. నీలం సిరా నీలం చానెల్‌లో దాదాపు కాగితమంత తెల్లగా కనబడుతుంది. ఎర్ర సిరా ఎరుపు చానెల్‌లో అలాగే మాయమవుతుంది. పెన్సిలు గ్రాఫైటుకు రంగు లేదు కాబట్టి అన్ని చానెళ్లలోనూ నల్లగానే నిలుస్తుంది.

నీలం చానెల్ ఒక్కటే తీసుకుంటే రూళ్లు పోయాయి గానీ మార్జిన్ గీత మునుపటి కన్నా నల్లబడింది. పైగా పాత కాగితం పసుపు తిరిగి ఉంది, పసుపు నీలాన్ని మింగుతుంది, దాంతో పుటంతా మురికి పట్టినట్టు వచ్చింది. ఎరుపు చానెల్‌లో దీనికి తిరగబడిన పరిస్థితి. కాగితం శుభ్రం, రూళ్లు నల్లగా. రెండింటినీ కలిపితేనే పని జరిగింది:

1. కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, ఎక్స్‌ట్రాక్ట్ కాంపోనెంట్. ఒక లేయరులో ఎరుపు, దాని నకలులో నీలం తీయాలి.
2. ఒక్కో లేయరుకు మళ్లీ నకలు తీసి, ఆ నకలును 60 పిక్సెళ్ల గాసియన్ బ్లర్‌తో మసకబరచాలి. లేయరు మోడ్ డివైడ్ పెట్టి కింది దానితో కలిపేయాలి. పసుపు, నోటుబుక్కు మధ్య మడత నీడ, రెండూ పోయి కాగితం ఒకే తెలుపుకు వస్తుంది.
3. ఇప్పుడు రెండు చానెళ్లనూ ఒకదాని మీద ఒకటి ఉంచి, పైదానికి లైటెన్ ఓన్లీ మోడ్. ప్రతి చోటా రెండింటిలో తెల్లనిదే నిలుస్తుంది. రూళ్లు ఒకదానిలో తెలుపు, మార్జిన్ రెండోదానిలో తెలుపు, కాబట్టి రెండూ పోతాయి. పెన్సిలు రెండింటిలోనూ నలుపే కాబట్టి మిగులుతుంది.

ఒక్క చోట మాత్రం ఇది పూర్తిగా పనిచేయదు. నీలం రూలు ఎర్ర మార్జిన్‌ను దాటే చోట రెండు సిరాలూ ఒకదానిపై ఒకటి ఉన్నాయి. అక్కడ రెండు చానెళ్లూ నలుపే. మార్జిన్ వెంబడి రూలుకొక చిన్న మచ్చ చొప్పున నిలువు వరసలో మిగిలిపోయాయి. చుక్కల ముగ్గులో ఇంతకంటే ప్రమాదం లేదు, అచ్చం ముగ్గు చుక్కల్లాగే కనిపిస్తాయి. నాలుగు వందల శాతానికి పెద్దది చేసుకుని ఒక్కొక్కటే చేత్తో చెరిపాను. చెరిపాక చుక్కలు లెక్కపెట్టాలి. 169 రావాలి.

లెక్క: గీత 9, సందు 26. ఇంకా ఏమీ మారలేదు.

మూడో దశ: నల్లబరచడం

లావు చేయడానికి ముందే నల్లబరచాలి. బూడిద రంగు గీతను లావు చేస్తే బూడిద రంగే లావవుతుంది.

చాలామంది చేసే పని, లేయరుకు నకలు తీసి మల్టిప్లై మోడ్ పెట్టడం. చేసి చూశాను. పెన్సిలు గీత విలువ (0 అంటే నిండు నలుపు, 255 అంటే తెలుపు) మొదట 150 ఉంటే, ఒక నకలుకు 88, రెండో నకలుకు 52. తెర మీద చూస్తే తృప్తిగా నల్లగా ఉంది. దాన్నే లేజర్ ప్రింటరుకు పంపి, వచ్చిన షీటును భూతద్దంతో చూస్తే గీత గీతలా లేదు. 52 అంటే ఇంకా బూడిదే. లేజర్ ప్రింటరు దగ్గర ఉన్నది నల్ల పొడి ఒక్కటే. బూడిద రంగును అది నల్ల బిందువులు, మధ్యలో ఖాళీలుగా విడగొట్టి వేస్తుంది. ఆ ఖాళీల గుండా వెలుగు దూరుతుంది, గీత అంచు రంపంలా వస్తుంది. స్క్రీన్ తీసేటప్పుడు కంటికి నల్లగా కనబడితే చాలదు, గీత వెలుగును పూర్తిగా ఆపాలి.

కాబట్టి ప్రతి పిక్సెలూ 0 గానీ 255 గానీ కావాలి. అందుకు థ్రెషోల్డ్: పెట్టిన అంకె కన్నా ముదురుగా ఉన్నది నలుపు, మిగతాది తెలుపు అవుతుంది.

1. ముందు 1.5 పిక్సెళ్ల గాసియన్ బ్లర్. పెన్సిలు రవ్వరవ్వలుగా పడిన చోట్లు కలుస్తాయి.
2. కలర్స్ మెనూలో థ్రెషోల్డ్. 170 దగ్గర చెయ్యి తేలికగా పడిన చోట్ల గీత తెగింది. 210 దగ్గర కాగితం గరుకుదనం కూడా మచ్చలై లేచింది. 190 దగ్గర గీత తెగలేదు, మచ్చలు తక్కువ.
3. మిగిలిన సన్న మచ్చలకు ఫిల్టర్స్ మెనూలో జెనెరిక్ కింద డైలేట్ ఒకసారి, తర్వాత ఎరోడ్ ఒకసారి. డైలేట్ తెలుపును ఒక పిక్సెలు పెంచుతుంది, కాబట్టి రెండు పిక్సెళ్ల మచ్చలు మాయమవుతాయి. తర్వాతి ఎరోడ్ గీతను మళ్లీ మునుపటి లావుకు తెస్తుంది. పోయిన మచ్చలు తిరిగి రావు.

190 అనేది నా కాగితానికి, నా పెన్సిలుకు కుదిరిన అంకె. మీరు గీత తెగే అంకె, మచ్చలు లేచే అంకె రెండూ చూసి నడుమన పెట్టుకోండి.

లెక్క: గీత 9, సందు 26. ఇప్పుడు నిజమైన నలుపు.

నాలుగో దశ: లావు చేయకుండా ఒక స్క్రీన్

సంచి మీద ముగ్గుకు ముందు అనుకున్న వెడల్పు 75 మిల్లీమీటర్లు. కింద పేర్లు, తేదీ రావాలి కదా. 150ని 75 చేస్తే అంగుళానికి 1200 పిక్సెళ్లు, ఒక పిక్సెలు 0.021 మిల్లీమీటరు. గీత 0.19, సందు 0.55.

అనంతపురం పాతూరులో స్క్రీన్ తీసే ఆయన ఫిలిం (ముగ్గు అచ్చు వేసిన, వెలుగు దూరే షీటు) చూడగానే "ఇది పట్టదు సార్, దారం కన్నా సన్నగా ఉంది" అన్నారు. సంచుల పనికి ఆయన ఫ్రేముకు బిగించే జల్లెడ బట్ట సెంటీమీటరుకు 43 దారాలది. అంటే దారం నుంచి దారానికి 0.23 మిల్లీమీటరు. మన గీత 0.19. గీత ఒక దారం మీదుగా నడిస్తే ఆ దారమే సిరాను అడ్డుకుంటుంది. అయినా కొలత కోసం ఒక స్క్రీన్ తీయించాను. కడిగినప్పుడే సగం గీతలు తెరుచుకోలేదు. నల్ల గీత కింద పక్కల నుంచి వెలుగు దూరి రసాయనం గట్టిపడింది. తెరుచుకున్నవి గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

ఐదో దశ: లావు చేయడం, 75 మిల్లీమీటర్ల వద్ద

జింప్‌లో నల్ల గీతను లావు చేసేది ఎరోడ్. ఒక్కసారి వేస్తే గీతకు రెండు పక్కలా ఒక్కో పిక్సెలు, మొత్తం రెండు. ఫోటోషాప్‌లో ఫిల్టర్ మెనూలో అదర్ కింద మినిమమ్ అదే పని చేస్తుంది. మ్యాగ్జిమమ్ సన్నం చేస్తుంది. ఇండెక్స్‌డ్ మోడ్‌లో ఉన్న బొమ్మకు ఈ ఫిల్టర్లు పనిచేయవు, గ్రేస్కేల్‌లో ఉంచుకోవాలి.

ఎరోడ్ ఐదుసార్లు. గీత 19 పిక్సెళ్లు, 0.40 మిల్లీమీటరు. సందు 16 పిక్సెళ్లు, 0.34.

ఫిలిం మీద అందంగా ఉంది. స్క్రీన్ చక్కగా తెరుచుకుంది. సంచి మీద అచ్చు పడ్డాక మూడో మెలిక దగ్గర జంట గీతలు కలిసి ఒకే పట్టీ అయ్యాయి. పెద్దమ్మ సంచి చేతిలోకి తీసుకుని వేలుతో ఆ మెలిక వెంబడి వెళ్లి అక్కడ ఆగింది. "ఇక్కడ రెండూ ఒకటయ్యాయి నాయనా. వాకిట్లో ఎవరైనా ఇలా వేస్తే నీళ్లు చల్లి మళ్లీ వేయమంటాను" అంది.

ఆ సంచి ముక్కను స్కానరు మీద పెట్టి 1200 డీపీఐలో తీశాను. సన్నటి కొలతలకు స్కానరుకు మించిన స్కేలు ఇంట్లో దొరకదు. నూలు గుడ్డ మీద సిరా గీతకు ఒక్కో పక్కన సగటున 0.06 మిల్లీమీటరు పాకింది. లావు దారం ఉన్న చోట ఇంకా ఎక్కువ.

ఫిలిం మీద: గీత 0.40, సందు 0.34. మొత్తం 0.74.
గుడ్డ మీద: గీత 0.52, సందు 0.22. మొత్తం 0.74.

సందు దారమంత కూడా మిగలలేదు. ఇక కలవక ఏం చేస్తాయి?

చుక్కలకు మరో ఇబ్బంది వచ్చింది. ఎరోడ్ పలుమార్లు వేస్తే గుండ్రటి చుక్కకు మూలలు తేలతాయి. 169 చుక్కలూ చిన్న పలకల్లా కనిపించాయి. ఫోటోషాప్ మినిమమ్‌లో రౌండ్‌నెస్ అనే ఎంపిక ఉంది, దానితో ఈ సమస్య రాదు. జింప్‌లో ఎరోడ్ బదులు సెలెక్ట్ బై కలర్‌తో నలుపు ఎంచి, సెలెక్ట్ మెనూలో గ్రో వేసి, నలుపుతో నింపితే చుక్క గుండ్రంగానే పెరుగుతుంది. బ్లర్ వేసి థ్రెషోల్డ్ పెంచే పద్ధతీ చూశాను. చుక్కలు బాగా వచ్చాయి గానీ గీతలు ఒకదాన్నొకటి దాటే చోట మూలలు పూడిపోయాయి. మెలికల ముగ్గుకు ఆ మూలలే ప్రాణం. ఆ పద్ధతి వదిలేశాను.

ఆరో దశ: సందు నుంచి వెనక్కి లెక్క

ఇక్కడ పద్ధతి మార్చాను. గుడ్డ మీద ఏం మిగలాలో ముందు రాసుకుని వెనక్కి వచ్చాను.

1. గుడ్డ మీద సందు కనీసం 0.35 ఉండాలి. గీత 0.50 దగ్గర ఉంటే చూపుకు నిండుగా ఉంది. మొత్తం 0.85.
2. నోటుబుక్కులో ఇరుకు చోట గీత, సందు కలిపి 35 పిక్సెళ్లు, అంటే 1.48 మిల్లీమీటర్లు.
3. 0.85ను 1.48తో భాగిస్తే 0.57. ముగ్గు 150లో 57 శాతం కన్నా చిన్నది కాకూడదు, అంటే సుమారు 86 మిల్లీమీటర్లు.
4. గుడ్డ దారాల తేడాలకు కొంత వదిలి 90 మిల్లీమీటర్లు ఖాయం చేశాను. 60 శాతం.

పేర్ల వరస కాస్త చిన్నదయింది. ముగ్గు చెడడం కన్నా అదే మేలు.

90 దగ్గర అంగుళానికి 1000 పిక్సెళ్లు, ఒక పిక్సెలు 0.0254 మిల్లీమీటరు. లావు చేయక ముందు గీత 0.23, సందు 0.66, మొత్తం 0.89. సిరా గీతకు 0.12 ఇస్తుంది కాబట్టి ఫిలిం మీద 0.38 చాలు. అంటే 0.15 కలపాలి.

జింప్‌లో అయితే గ్రో 3 పిక్సెళ్లు వేస్తే సరిపోతుంది. నేను మాత్రం ఇంక్‌స్కేప్‌కు మారాను. అక్కడ లావును అంకెగా ఇవ్వవచ్చు, నచ్చకపోతే ఎప్పుడైనా మార్చవచ్చు, అసలు గీత చెక్కుచెదరదు.

1. మూడో దశ చివర దాచిన నలుపు తెలుపు ఫైలును తెచ్చి ట్రేస్ బిట్‌మ్యాప్ (పిక్సెళ్ల బొమ్మను గీతల ఆకారంగా మార్చేది) వేయాలి.
2. వచ్చిన ఆకారాన్ని 90 మిల్లీమీటర్ల వెడల్పుకు సరిచేయాలి.
3. ఫిల్ (లోపలి రంగు) నలుపు, స్ట్రోక్ (అంచు గీత) కూడా నలుపు, స్ట్రోక్ వెడల్పు 0.15 మిల్లీమీటరు. స్ట్రోక్ సగం లోపలికి, సగం బయటికి పడుతుంది. బయటికి పడేది ఒక్కో పక్కన 0.075, రెండు పక్కలా కలిపి 0.15. ఈ సగం సంగతి మరిచి 0.075 ఇస్తే సగమే లావవుతుంది.
4. జాయిన్ (అంచు గీత మలుపు) గుండ్రంగా పెట్టాలి. మొనగా పెడితే మలుపుల దగ్గర ముళ్లు లేస్తాయి.

లెక్క: ఫిలిం మీద గీత 0.38, సందు 0.51. మొత్తం 0.89.

పేర్లను, పైన ఉండే "శ్రీరస్తు"ను వేరే లేయరులో ఉంచి స్ట్రోక్ ఇవ్వలేదు. ఒకసారి అన్నిటితో కలిపి లావు చేసి చూస్తే "శ్రీ" గుడిదీర్ఘం లోపలి రంధ్రం పూడింది, "స్తు" కింద ఒత్తు ముద్దయింది. తెలుగు అక్షరాలను ఇలా లావు చేయకూడదు. బొద్దు ఫాంటు తీసుకోవాలి, అందులో రంధ్రాలకు చోటు ముందే వదిలి ఉంటుంది.

ఏడో దశ: పాజిటివ్, అంటే స్క్రీన్ తీసే ఫిలిం

జిరాక్స్ దుకాణంలో మొదట వచ్చిన ప్రింటు కొలిస్తే ముగ్గు 87 మిల్లీమీటర్లే ఉంది. ప్రింటరు సెట్టింగులో పేజీకి సరిపెట్టే ఎంపిక ఉండిపోయింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ సందు లెక్క అంతా ఆ మూడింటిలోనే ఉంది. అప్పటి నుంచి ప్రతి ఫైలు మూలలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడుతున్నాను. ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలు దాని మీద పెట్టి చూస్తాను. 50 లేకపోతే అక్కడే తిరిగి వేయిస్తాను.

ట్రేసింగ్ కాగితం మీద ప్రింటును ట్యూబులైటుకు పట్టి చూస్తే నల్ల గీత గోధుమ రంగులో వెలిగింది, సూది మొన రంధ్రాలు కనిపించాయి. రెండు ప్రింట్లు ఒకదానిపై ఒకటి అంటించి చూశాం. ప్రింటరు వేడికి ట్రేసింగ్ కాగితం ముడుచుకుంటుంది, రెండు కాగితాలూ ఒకేలా ముడుచుకోవు. నడుమ సరిపోయినా అంచు చుక్కలు ఒకదాన్ని ఒకటి తప్పాయి. అందుకని లేజర్‌కు పనికొచ్చే పారదర్శక షీటు మీద, ప్రింటరులో సాంద్రత పూర్తిగా పెంచి వేయించాను. పట్టి చూస్తే గీతలోంచి వెలుగు రాలేదు.

స్క్రీన్ తీసేటప్పుడు పొడి అంటిన వైపు రసాయనాన్ని తాకాలి. షీటు మందం మధ్యలో ఉంటే ఆ ఎడం గుండా వెలుగు గీత కిందికి దూరి గీతను తింటుంది.

ఎనిమిదో దశ: సంచుల మీద

అనంతపురం ఎండలో నీటి సిరా ఫ్రేములోనే ఆరిపోతుంది. ముందు పూడేవి సన్న గీతలే. మధ్యాహ్నం వేసిన సంచుల్లో కుడి అంచు మెలికలు తెగిపోయాయి, ఫిలింలోనూ స్క్రీన్‌లోనూ లోపం లేదు. మార్పులు:

1. తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించడం.
2. ఫ్యాను గాలి ఫ్రేము మీద పడకుండా చూడడం.
3. ప్రతి సంచి తర్వాత ఫ్రేము లేపి సిరాను తేలికగా బట్ట మీద పరిచి ఉంచడం. గీతల రంధ్రాలు తడిగా ఉంటాయి.
4. స్క్వీజీ (సిరాను నెట్టే రబ్బరు పలక) ఒత్తిడి తగ్గించడం. గట్టిగా నొక్కితే సిరా ఎక్కువ దిగి సందులోకి పాకుతుంది.

ఉదయం వేసిన సంచుల్లో ఒకదాన్ని స్కానరు మీద పెట్టి మూడో మెలిక కొలిచాను.

గుడ్డ మీద: గీత 0.50, సందు 0.39. మొత్తం 0.89.

ఆ మెలికలో రెండు గీతలూ విడివిడిగా ఉన్నాయి. తిప్పే చోట చెయ్యి ఆగిన ఆ చిన్న ఉబ్బు కూడా గుడ్డ మీదకు వచ్చింది.

మిగిలిన పని

ఇదే ముగ్గు పెళ్లిపత్రిక మూలలో 40 మిల్లీమీటర్లలో కావాలంటున్నారు. లెక్క వేస్తే గీత, సందు కలిపి 0.39 వస్తాయి. గీతను దారం పట్టేంత లావు చేస్తే సందు ఉండదు. పత్రికలకు బట్ట ఇంకా సన్న అల్లికది వాడతారు, నున్నటి కాగితం మీద సిరా పాకడమూ తక్కువ. అయినా 0.39లో జంట గీత పట్టదని నా అంచనా. అంత చిన్న ముగ్గుకు జంటలో లోపలి గీత తీసేసి ఒంటి గీతగా చేయాలి. అది ఫిల్టరుతో అయ్యే పని కాదు, ఏ గీత ఉంచాలో పెద్దమ్మే చెప్పాలి. గోనె సంచుల మీద వేయదలచినవారు ముందు తమ గుడ్డ మీద ఒక గీత వేసి సిరా ఎంత పాకుతుందో కొలుచుకుని, నా 0.06 బదులు ఆ అంకెతో ఆరో దశ లెక్క మొదటి నుంచి వేసుకోవాలి.